మూడు ఎస్టిమేట్లు, మూడు భాషలు: లప్పం, పట్టీ, ప్లాస్టిక్, ఫుల్ ఫినిషింగ్... ఏది ఏంటో చెప్పండి

కొత్తిల్లు_ఖమ్మం
ఖమ్మంలో ఇల్లు కడుతున్నాం, పైనా కిందా రెండు పోర్షన్లు. ప్లాస్టరింగ్ అయింది, గోడలు తడపడం కూడా అయిపోయింది. రంగుల కోసం ముగ్గురిని పిలిచి ఎస్టిమేట్ అడిగితే ముగ్గురూ చీటీ రాసిచ్చారు గానీ ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. మొదటాయన "లప్పం 2, ప్రైమర్ 1, ప్లాస్టిక్ 2" అన్నాడు. రెండో ఆయన "వాల్ పుట్టీ ఫుల్ ఫినిషింగ్, రాయల్" అని ఒక్క లైను రాసి కింద రేటు వేశాడు. మూడో ఆయన "ప్రైమర్, పట్టీ, మళ్లీ ప్రైమర్, ఎమల్షన్, టచప్ సహా" అని రాశాడు. దానికి తోడు ఒకాయన గోడ కొలిచి అడుగుకింత అంటాడు, ఇంకొకాయన స్లాబు ఏరియా మీద అంటాడు. ఎవరిది తక్కువో ఎవరిది ఎక్కువో తేలడం లేదు. మాఘమాసంలో గృహప్రవేశం, ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ పని తెలిసినవాళ్లు ఒక్కో మాటా విడమరిచి చెప్పండి.

గోదారి_గట్టు
లప్పం, పట్టీ వేర్వేరా? మా రాజోలు వైపు పట్టీ పెట్టడం అనే అంటాం. లప్పం అనే మాట హైదరాబాద్ వెళ్లాకే చెవిన పడింది.

ఉక్కునగరం_ఉష
వైజాగ్‌లోనూ లప్పం అంటారు అన్నా, దాన్ని పూర్తిగా హైదరాబాద్ వాళ్లకి రాసిచ్చేయకండి.

యాదగిరి_మేస్త్రి
లప్పం, పుట్టీ, పట్టీ మూడూ ఒకే పని. గోడ మీద గుంతలు, గరుకు పోయేటట్టు పట్టీ బ్లేడుతో పలచగా మెత్తి, ఎండాక పేపర్ కొట్టి, అంటే గరుకు కాగితంతో రుద్ది, నున్నగా చేయడం. తేడా అంతా ఆ మెత్తేది ఏంటన్న దగ్గరే ఉంది. తెల్ల సిమెంట్ పుట్టీ బస్తాలో పొడిగా వస్తుంది, నీళ్లు కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి, గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి కలిపితే అది గోడ మీద నిలవదు. అక్రిలిక్ పుట్టీ డబ్బాలో పేస్టులా వస్తుంది, అది లోపలి గోడలకే. హైదరాబాద్ సైట్లలో ఆల్టెక్ అంటారు చూడండి, అది రెడీమిక్స్ లప్పం, స్ప్రే మిషన్‌తో కొట్టి పెద్ద బ్లేడుతో లాగుతారు. మా గురువుల కాలంలో సుద్దపొడి, లిన్సీడ్ ఆయిల్ కలిపి చేతితో పిసికి చేసుకునేవాళ్లం, అది ఆయిల్ లప్పం. ఇప్పటికీ తలుపుల మీద అది పెట్టేవాళ్లు ఉన్నారు.
మీ మొదటి చీటీలో "లప్పం 2" అని ఉంది కదా, ఏ లప్పం అని అడగండి. బస్తాకీ డబ్బాకీ ధరలోనే కాదు, పనిలో కూడా చాలా తేడా ఉంటుంది.

రంగుల_రాణి
మేస్త్రి గారూ, మూడో ఆయన రాసినట్టు మొదట ప్రైమరే, రంగుకి కింద వేసే ఆ అడుగు పూతే కదా పడాలి? కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకి ప్రైమర్ కొట్టి దాని మీదే బస్తా పుట్టీ పెట్టారు. రెండో వానాకాలానికి బాల్కనీ గోడ అప్పడంలా లేచి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఊడిన పెచ్చు చేతిలోకి తీసుకుని చూస్తే పైన రంగు, మధ్యలో పుట్టీ ఒకే ముక్కగా ఉన్నాయి, వెనకవైపు ప్రైమర్ నున్నగా మెరుస్తోంది. గోడ ఇసుక ఒక్క రవ్వ కూడా దానికి అంటుకుని లేదు.

సివిల్_శ్రీను
రాణి గారూ, ఆ పెచ్చు వెనకవైపే జవాబు ఉంది. తెల్ల సిమెంట్ పుట్టీ గోడను పట్టుకోవాలంటే గోడ తడిగా ఉండాలి, పుట్టీ కొంచెం ప్లాస్టర్ రంధ్రాల్లోకి దిగి అక్కడ గట్టిపడాలి. సిమెంటు గట్టిపడేది నీళ్లతోనే. ముందే ప్రైమర్ కొడితే రంధ్రాలు మూసుకుపోతాయి, పుట్టీకి పట్టు దొరకదు. అందుకే సిమెంట్ పుట్టీ కంపెనీలే ముందు ప్రైమర్ అక్కర్లేదు, గోడ తడిపి పెట్టండి అని చెబుతాయి. రెండు కోట్లూ, అంటే రెండు పూతలూ, కలిపి మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. అంతకంటే లోతు గుంటలు ఉంటే అది ప్లాస్టర్ పని, పుట్టీ పని కాదు.
అక్రిలిక్ పుట్టీకి ఇది తిరగబడుతుంది. పొడి గోడ, ముందు ప్రైమర్, తర్వాత పుట్టీ, ఆ పైన మళ్లీ ప్రైమర్, ఆఖరున రంగు. కాబట్టి మూడో ఆయన అక్రిలిక్ మనసులో పెట్టుకుని రాసి ఉంటే ఆ వరుస సరైనదే. సిమెంట్ పుట్టీ వాడుతూ ఆ వరుస రాస్తే తప్పు.

యాదగిరి_మేస్త్రి
శ్రీను గారి మాట ఒప్పుకుంటాను, కానీ ఒకటి. సైటుకి వెళ్లి చెయ్యి పెడితే ఇసుక రాలే గోడలు సగం ఉంటాయి. దాని మీద ఎంత తడిపి పెట్టినా ఏ పుట్టీ ఆగదు. అట్లాంటి చోట పలచగా ఒక ప్రైమర్ కొట్టి ఇసుకను పట్టిస్తాం, లేకపోతే బ్లేడు లాగుతుంటే పుట్టీతో పాటు గోడే ఊడి వస్తుంది.

సివిల్_శ్రీను
ఇసుక రాలుతోందంటే సిమెంటు వాటా తగ్గింది, లేదా గోడ సరిగ్గా తడపలేదు. దాన్ని ప్రైమర్‌తో కప్పితే రోగం లోపలే ఉంటుంది కదా మేస్త్రి గారూ. రాయితో రుద్ది, కడిగి, అప్పటికీ రాలితే ఆ ముక్క కొట్టేసి మళ్లీ ప్లాస్టర్ చేయాలి.

యాదగిరి_మేస్త్రి
ప్లాస్టర్ మేస్త్రి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాక రంగుల మేస్త్రి వచ్చి గోడ కొట్టండి అంటే ఏ ఓనరు ఒప్పుకుంటాడు చెప్పండి. మేము వచ్చేసరికి ఆ గోడ మాకు తగులుకున్నట్టే.

బెజవాడ_బుల్లోడు
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఖమ్మం అన్నా, ప్లాస్టర్ వాళ్ల ఆఖరి బిల్లు కట్టే ముందు మీ పెయింటర్‌ని తీసుకెళ్లి గోడ మీద గోరుతో గీయించండి. రాలితే ఆ బిల్లు ఆపండి.

కొత్తిల్లు_ఖమ్మం
బుల్లోడు గారూ బిల్లు ఇంకా కొంత మిగిలే ఉంది, ఈ ఆదివారమే చేస్తాను. సరే, ఈ "ప్లాస్టిక్", "ఎమల్షన్", "రాయల్" సంగతేంటి? మొదటాయన ప్లాస్టిక్ చవకరకం అని రెండో ఆయన తీసిపారేశాడు.

షాపు_బాబాయ్
పెయింట్ షాపు నడుపుతున్నాను కాబట్టి ఇది నేను చెబుతా. ప్లాస్టిక్ అన్నా ఎమల్షన్ అన్నా కౌంటర్లో ఒకటే జాతి డబ్బా. ఐఎస్ 15489 అని భారతీయ ప్రమాణం ఉంది, దాని పేరే ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్. నీళ్లలో కలిసి ఉన్న సన్నటి పాలిమర్ రేణువులు, నీరు ఆరాక ఒకదానికొకటి అతుక్కుని గోడ మీద పొర కడతాయి. ధర తేడా ఎక్కడ వస్తుందంటే ఆ అతికించే బైండరు ఎంత ఉంది, తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ ఎంత ఉంది, మిగతా సుద్దపొడి ఎంత కలిపారు అన్న దాని దగ్గర. కాబట్టి ప్లాస్టిక్ చవక, ఎమల్షన్ ఖరీదు అని ఎవరన్నా నమ్మకండి. చవక ఎమల్షన్ ఉంది, ఖరీదైన ఎమల్షన్ ఉంది.
రాయల్ అనేది ఒక కంపెనీ బ్రాండు పేరు. అందులోనే మ్యాట్ వేరు, షైన్ వేరు. మా దగ్గరకొచ్చి రాయల్ ఇవ్వండి అని అడిగి వేరే కంపెనీ డబ్బా పట్టుకెళ్లేవాళ్లు రోజూ వస్తారు, ఆ మాట అలా వాడుకైపోయింది, స్నోసెం లాగే. చీటీ మీద కంపెనీ పేరు, డబ్బా మీద ఉన్న పూర్తి పేరు, మెరుపు రకం మూడూ రాయించండి.

నల్లమల_నీడ
స్నోసెం కూడా బ్రాండా? మా ఊళ్లో బయటి గోడకు ఏది కొట్టినా స్నోసెమ్మే అంటారు.

షాపు_బాబాయ్
బ్రాండే. అసలు సరుకు పేరు సిమెంట్ పెయింట్, తెల్ల సిమెంటుకి రంగు పొడి కలిపినది. దానికి ఐఎస్ 5410. కొట్టే ముందు గోడ తడపాలి, కొట్టాక కూడా నీళ్లు చల్లాలి. చల్లకపోతే రుద్దితే చేతికి అంటుతుంది.

గోదారి_గట్టు
మరి డిస్టెంపర్ ఎక్కడ పోయింది? మా చిన్నప్పుడు డిస్టెంపర్ వేయించారంటే ఆ ఇల్లు షోకు.

షాపు_బాబాయ్
ఇప్పటికీ అమ్ముతున్నాం, అద్దె ఇళ్లకి ఎక్కువ పోతుంది. డ్రై డిస్టెంపర్ పొడి, నీళ్లు కలుపుకుంటారు, తడిగుడ్డ పెడితే పోతుంది. ఆయిల్ బౌండ్ అంటే కొంచెం గట్టి, మెల్లగా తుడిస్తే తట్టుకుంటుంది. రెండింట్లోనూ సుద్ద ఎక్కువ, బైండరు తక్కువ. దాని మీద నేరుగా ఎమల్షన్ కొట్టకండి, కింద సుద్ద వదిలితే పైన పొర దాంతో పాటే వస్తుంది.

గోదారి_గట్టు
ఇదే మాట సున్నానికి కూడా వర్తిస్తుంది, మా తాతగారి ఇంటికి రంగులేసేటప్పుడు చూశాను. తరతరాలుగా వెల్ల మీద వెల్ల వేసిన గోడలు అవి. గుల్లసున్నం గోలెంలో పోసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగి పొగలు వచ్చేది, పిల్లలందరినీ దూరంగా తరిమేవారు. చల్లారాక గోనెగుడ్డలో వడకట్టి, తుమ్మబంక వేడినీళ్లలో కరిగించి కలిపి, చిటికెడు నీలిమందు వేసేవారు. నారకుంచెతో కొడుతుంటే గోడ తడిసి బూడిదరంగులో కనిపించేది, ఏం తెల్లబడింది ఇది అనుకునేవాళ్లం. ఎండకొద్దీ మన కళ్ల ముందే తెలుపు పైకి తేలేది. సున్నం గాలిలో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, అది గోడని ఊపిరి ఆడనిస్తుంది అంటారు.
ఎమల్షన్ వేయాలని పెయింటర్ వస్తే, మొత్తం గీకితే గాని వేయనని కూర్చున్నాడు. మా పిన్ని ఎంత బతిమాలినా వినలేదు. గీకుతుంటే పొరలు పొరలుగా పాత నీలం, పాత గులాబీ అన్నీ బయటపడ్డాయి. ఆయన అలా పట్టుబట్టడం వల్లే ఆ గోడలు ఇప్పటికీ బాగున్నాయి.

ఉక్కునగరం_ఉష
ప్రభుత్వ పనుల్లో సున్నానికి కూడా లెక్క ఉంటుంది. కిలో సున్నానికి దాదాపు అయిదు లీటర్ల నీళ్లు, నీలిమందు కిలోకి మూడు గ్రాముల వరకు. కొత్త గోడకి మూడు కోట్లు. మా నాన్నగారు పీడబ్ల్యూడీలో చేసేవారు, ఇంట్లో ఈ లెక్కలు వింటూ పెరిగాం.

డాలస్_డైరీ
మా అమెరికాలో గోడే సిమెంటు కాదు, జిప్సం బోర్డు. లప్పం స్థానంలో మడ్ అంటారు, జాయింట్ కాంపౌండ్ అన్నమాట. గోడలకి ఎగ్‌షెల్, అంటే గుడ్డు పెంకులా లేత మెరుపు, కిటికీ చట్రాలకి సెమీ గ్లాస్, అంటే సగం మెరుపు, అని మెరుపును బట్టి పేర్లు. ఎగ్‌షెల్ వేయిస్తున్నాం అని ఫోన్లో చెబితే మా అత్తగారు "మడి ఇంట్లో గుడ్డు రంగెందుకు, ఇంకేదైనా చూసుకో" అన్నారు. కొన్న ఇల్లు పాతదైతే ఇంకో తలనొప్పి, 1978కి ముందు కట్టిన వాటిలో సీసం ఉన్న రంగు ఉండొచ్చు, ఇళ్ల రంగుల్లో సీసాన్ని ఇక్కడ ఆ సంవత్సరం నిషేధించారు.

రంగుల_రాణి
అత్తగారికి శాకాహార శాటిన్ సూచించండి.
సీసం సంగతి మన దగ్గర ఏంటి? మా అమ్మావాళ్ల ఇంట్లో పాత ఆయిల్ పెయింట్ కిటికీలు గీకాలి, చంటిపిల్ల ఉంది.

సివిల్_శ్రీను
మన దగ్గర 2016లో నిబంధనలు వచ్చాయి, ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదు, 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొట్టిన ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామెల్స్‌లో ఉండొచ్చు. పొడిగా పేపర్ కొట్టవద్దు, మంట పెట్టి కాల్చవద్దు. నీళ్లు చల్లుతూ తడి పేపర్ కొట్టించండి, నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, ఆ పొట్టు మూటగట్టి తీయించండి. పని జరిగినన్ని రోజులూ పిల్లని వేరే ఇంట్లో ఉంచండి, ఇందులో మాత్రం మొహమాటపడకండి.

కొత్తిల్లు_ఖమ్మం
చాలా విషయాలు తెలుస్తున్నాయి. కొలత సంగతి ఎవరూ ఎత్తలేదు. గోడ అడుగులా, స్లాబు అడుగులా?

సివిల్_శ్రీను
అసలు మోసం జరిగేది మాటల్లో కాదు, ఈ అడుగులోనే. ఒక 12 బై 10 గది తీసుకోండి, ఎత్తు 10. నేల, అంటే స్లాబు ఏరియా, 120 చదరపు అడుగులు. నాలుగు గోడలు కలిపితే 440, సీలింగు 120, మొత్తం 560. అంటే నేలకు నాలుగున్నర రెట్లు పైనే. స్లాబు ఏరియా మీద రేటు చెప్పినాయన ఆ రేటులో ఇవన్నీ మడిచిపెట్టాడు, గోడ మీద చెప్పినాయన విడదీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మొత్తం ఇంటికి ఎంత అవుతుందో ఇద్దరి చేతా అంకె వేయించండి.
ఇక తలుపులు, కిటికీల ఖాళీలు. కొలతలకున్న ఐఎస్ 1200 ప్రమాణం ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీకి కోత లేదు, అంటే కొలతలోంచి తీసేయరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల వరకు గోడకి ఒక వైపే కోస్తారు, రెండో వైపు కోయకుండా వదిలేది ఆ ఖాళీ పక్క చెంపల (గోడ మందం అంచుల) పనికి. మూడు దాటితే రెండు వైపులా కోసి చెంపలు విడిగా కలుపుతారు. 7 బై 3 తలుపు దాదాపు రెండు చదరపు మీటర్లు, కాబట్టి ఒక వైపు కోత. తలుపుకి రంగు వేసేటప్పుడు గళ్లున్న ప్యానెల్ తలుపైతే ఒక్కో వైపు 1.3 రెట్లు, చదునుగా ఉండే ఫ్లష్ తలుపైతే 1.2 రెట్లు కొలత కడతారు, గాడులూ అంచులూ ఉంటాయి కాబట్టి. పెయింటర్ ఒకటికి ఒకటిన్నర కడితే అడగండి, 1.3 కడితే అది న్యాయమే.

బెజవాడ_బుల్లోడు
మా దగ్గర కిటికీ కోత అడిగితే "గ్రిల్లు సందుల్లో కుంచె పెట్టి చూడండి సార్" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

యాదగిరి_మేస్త్రి
గ్రిల్లు పని నిజంగానే నడుము విరగ్గొడుతుంది. దానికి విడిగా రేటు మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది. ఇనుముకి ముందు తుప్పు ఆపే రెడాక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, దాని పైన ఎనామెల్ రెండు. రెడాక్సైడ్ కొట్టి నెలల తరబడి అలాగే ఎండకి వదిలేస్తే తుప్పు మళ్లీ మొదలవుతుంది, చాలా సైట్లలో అదే జరుగుతోంది.

నల్లమల_నీడ
గోడ కింది భాగం రెండడుగుల వరకు తెల్లగా పొడి వస్తోంది. పెయింటర్ నిమ్ము అంటాడు, ఇంజనీరు ఎఫ్లోరసెన్స్ అంటాడు, పక్కింటాయన పొంగు అంటాడు. డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ కొట్టించమని ముగ్గురూ అంటారు.

సివిల్_శ్రీను
ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నారు. నిమ్ము కారణం, గోడలోకి నీరు ఎక్కుతోంది. ఆ నీరు ఇటుకలో, ఇసుకలో ఉన్న ఉప్పును కరిగించి పైకి తెస్తుంది, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, అదే ఎఫ్లోరసెన్స్. రంగు పొర వెనక అది పేరుకుని తోస్తే బొబ్బలొస్తాయి, అది పొంగు. పైన పెయింట్ కొడితే నీరు ఆగదు, ఇంకొంచెం పైకి ఎక్కి నాలుగడుగుల దగ్గర బయటపడుతుంది. ముందు నీరు ఎక్కడిదో చూడండి: బాత్రూం పైపా, బయట మట్టి గోడకి ఆనించి పోశారా, పునాది దగ్గర డీపీసీ (నీరు పైకి ఎక్కకుండా వేసే పొర) వేయలేదా.
చిన్న పరీక్ష ఒకటి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గోడకి అంటించి ఒక రోజు ఉంచండి. గోడ వైపు నీటి చుక్కలు ఉంటే తేమ గోడలోంచి వస్తోంది. బయటి వైపు ఉంటే గదిలో గాలి తేమ. ఉప్పుని తడిగుడ్డతో తుడవకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి బ్రష్‌తో రాల్చండి.

నల్లమల_నీడ
బయట పూలకుండీల కోసం మట్టి పోసి గోడకి ఆనించాం. సరిగ్గా ఆ వైపే. రేపే తీయిస్తాను.

రంగుల_రాణి
ఆ బాల్కనీ గోడ తర్వాత నాకు పెయింట్ అంటేనే విసుగొచ్చింది, హాల్లో ఒక గోడకి వాల్‌పేపర్ వేయిద్దామనుకుంటున్నా. షాపువాడు 12 అడుగుల వెడల్పు గోడకి మూడు రోల్సు చాలు అన్నాడు.

వాల్‌పేపర్_వనజ
ఎత్తు ఎంత? అది చెప్పకుండా రోల్సు ఎన్నో ఎవరూ చెప్పలేరు. మామూలు రోలు 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు, అంటే 57 చదరపు అడుగులు. షాపులో గోడ ఏరియాను 57తో భాగిస్తారు, అక్కడే తేడా కొడుతుంది. డిజైన్ ఎంత దూరానికి మళ్లీ మొదలవుతుందో దాన్ని రిపీట్ అంటారు, పక్కపక్కన అతికించే కాగితం పట్టీల్లో పువ్వుకి పువ్వు కలవాలంటే ప్రతి పట్టీని ఆ రిపీట్ లెక్కలోనే కోయాలి.
రిపీట్ 64 సెంటీమీటర్లు అనుకోండి. గోడ ఎత్తు 10 అడుగులుంటే కత్తిరింపుతో కలిపి పట్టీకి 3.20 మీటర్లు, అంటే అయిదు రిపీట్లు, రోలుకి మూడు పట్టీలొస్తాయి. ఎత్తు పదిన్నర అడుగులైతే ఆరు రిపీట్లు పోవాలి, పట్టీ 3.84 మీటర్లు, రోలుకి రెండే పట్టీలు, మిగతా ముక్క వృథా. 12 అడుగుల వెడల్పు గోడకి ఏడు పట్టీలు పడతాయి. మొదటి దానికి మూడు రోల్సు చాలు, రెండోదానికి నాలుగు కావాలి. అర అడుగు ఎత్తుకి ఒక రోలు తేడా.
అన్ని రోల్సూ ఒకేసారి కొనండి, లేబుల్ మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉందా చూడండి. బ్యాచ్ మారితే రంగులో కొంచెం తేడా వస్తుంది, అతికించాక గోడ మీద గీతలా కనిపిస్తుంది. మొదటి పట్టీ గది మూలను నమ్మి మొదలుపెట్టకూడదు, దారానికి గుండు వేలాడదీసి నిలువు గీత గీసుకోవాలి, మూలలు తిన్నగా ఉండే ఇళ్లు అరుదు.

రంగుల_రాణి
ఎత్తు పదిన్నరే. ఆ బాల్కనీ గోడ హాలు గోడ వెనకే ఉంది, ఫర్వాలేదా?

వాల్‌పేపర్_వనజ
అయితే వద్దు. ముందు శ్రీను గారు చెప్పిన పాలిథిన్ పరీక్ష చేయండి. చెమ్మ ఉన్న గోడకి వినైల్ (ప్లాస్టిక్ పొర ఉన్న) పేపరు వేస్తే వెనక నల్లటి బూజు పడుతుంది, బయటికి కనపడదు, వాసనే వస్తుంది. నా పని పోయినా సరే ఆ గోడకి నేను వేయను.

కొత్తిల్లు_ఖమ్మం
ముగ్గురినీ మళ్లీ కూర్చోబెట్టాను. మొదటాయన లప్పం బస్తా పుట్టీయే, అది సరిపోయింది. రెండో ఆయన ఫుల్ ఫినిషింగ్ అంటే ఏమేమి వస్తాయని అడిగితే "అన్నీ వస్తాయి సార్" తప్ప ఇంకో మాట లేదు, ఎన్ని కోట్లో రాయనన్నాడు. మూడో ఆయనది అక్రిలిక్, అందుకే ముందు ప్రైమర్. మెటీరియల్ నేనే కొనాలని అనుకుంటున్నా. ఇంకో సంగతి, కార్పెంటర్ కప్‌బోర్డులకి డ్యూకో అన్నాడు, అదేంటి?

షాపు_బాబాయ్
డ్యూకో అనేది 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన లక్కర్ (త్వరగా ఆరే మెరుపు పూత) పేరు, నైట్రోసెల్యులోజ్ రకం. ఇప్పుడు కార్పెంటర్లు చెక్క మీద స్ప్రేతో కొట్టే నిండు రంగు దేన్నైనా డ్యూకో అంటారు. ఎన్‌సీ (ఆ నైట్రోసెల్యులోజ్) కొడతాడా, పీయూ (పాలీయురెథేన్) కొడతాడా అడగండి. పీయూ గట్టిది, గీతలకి తట్టుకుంటుంది, ఖరీదు కూడా ఎక్కువ.
మెటీరియల్ మీరే కొంటే గోడకి ఎంత కావాలో అంతా ఒకేసారి కలిపించుకోండి. ముదురు రంగులకు వాడే బేసులో, అంటే షేడ్ కలిపే మూల డబ్బాలో, తెల్ల పిగ్మెంటు తక్కువ ఉంటుంది, అందుకే ఎరుపు, పసుపు రెండు కోట్లకి కింద గోడని పూర్తిగా కప్పవు, మూడో కోటు పడుతుంది. అది ముందే చీటీలో రాసుకోకపోతే తర్వాత గొడవ.

బెజవాడ_బుల్లోడు
డబ్బాలో టోకెన్ (డబ్బులొచ్చే కూపన్) వస్తుంది కదా బాబాయ్, అది ఎవరిది? కొన్నది మేమైనా పెయింటర్ జేబులో వేసుకుంటాడు.

షాపు_బాబాయ్
కంపెనీ పెట్టేదే పెయింటర్ కోసం. దాని కోసం ఫలానా కంపెనీయే కొనమని పట్టుబడితే మాత్రం ఆలోచించుకోండి.

యాదగిరి_మేస్త్రి
టోకెన్ మాకు వచ్చే చిన్న ఆదాయం, దాచేదేం లేదు. టోకెన్ కంటే పెద్ద నష్టం నీళ్లు ఎక్కువ కలపడం. డబ్బా మీద రాసిన దానికంటే ఎక్కువ నీళ్లు కొడితే మూడు కోట్లు వేసినా ఒక కోటు వేసినట్టే. కలిపేటప్పుడు ఓనరు దగ్గరుంటే ఎవరూ కలపరు. అడిగే ఓనరంటే మాకూ గౌరవమే.
ఖమ్మం తమ్ముడూ, నీ చీటీలో టచప్ అన్న మాట ఒకటి మిగిలిపోయింది. టచప్ అంటే ఎలక్ట్రీషియన్ బోర్డులు బిగించాక పడ్డ మరకలు, గీతలు ఆ ఒక్కచోటే దిద్దడం. ఆఖరి కోటు వేరు, అది గోడ మొత్తానికి. కొంతమంది ఒక కోటు వేసి వెళ్లిపోయి, కరెంటు పని అయ్యాక వచ్చి మరకలు దిద్ది దాన్నే రెండో కోటు అంటారు. లైటు పక్క నుంచి పడితే ఆ దిద్దిన చోట్లన్నీ మచ్చల్లా కనిపిస్తాయి. ఆఖరి కోటు కరెంటు ఫిటింగులు, బాత్రూం ఫిటింగులు అయ్యాక, మొత్తం గోడకి అని విడిగా ఒక లైను రాయించు, డబ్బుల్లో ఒక వాటా దానికి ఆపుకో.

కొత్తిల్లు_ఖమ్మం
రాయించాను అన్నా. మొదటాయనే ఒప్పుకున్నాడు: బస్తా పుట్టీ రెండు కోట్లు, కంపెనీ పేరుతో సహా, గోడ తడిపి పెట్టాలి, ప్రైమర్ ఒకటి, ఎమల్షన్ రెండు, రెండో కోటు ఫిటింగులు అయ్యాకే, కొలత గోడ మీద, కోతలు శ్రీను గారు చెప్పినట్టు, గ్రిల్లు విడిగా. వెనక బెడ్రూంలో ఒక గోడ ఇసుక రాలింది, ప్లాస్టర్ మేస్త్రి వచ్చి చూసి కొట్టేసి మళ్లీ చేస్తానన్నాడు.

షాపు_బాబాయ్
పని అయ్యాక మిగిలిన రంగు ఒక చిన్న డబ్బాలోకి మార్చి గట్టిగా మూత పెట్టు. మూత మీద షేడ్ కోడ్, బేస్ పేరు, ఏ గదిదో రాసి ఉంచు.